చౌమహల్లా దర్బారు హాల్లో ఫోటోలు పాడవుతున్నాయి, సెట్టింగ్స్ చెప్పగలరా?

నేను ఆర్కిటెక్చర్ రెండో ఏడాది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ ముబారక్ (ఆ దర్బారు హాలే) లోపలి గచ్చు పని, అంటే గోడల మీదా పైకప్పు మీదా సున్నంతో చేసిన నగిషీ మీద డ్రాయింగ్ షీట్ చేయాలి. మొన్న ఆదివారం పొద్దున 11 గంటలకు వెళ్లి ఫోన్‌తో 70 దాకా ఫోటోలు తీశాను. ఒక్కటీ పనికిరాలేదు.

పైన వేలాడే ఆ 19 బెల్జియం షాండ్లియర్లతోనే చిక్కు. ఆటోలో తీస్తే అవి తెల్లటి ముద్దల్లా పడుతున్నాయి, చుట్టూ ఉన్న లతలూ పువ్వులూ ఆ వెలుగులో కలిసిపోతున్నాయి. ఎక్స్‌పోజర్ -2కి తగ్గిస్తే దీపాలు బాగున్నాయి కానీ కమానుల కింద అంతా నల్లగా అయిపోయింది. హెచ్‌డీఆర్ (వెలుగూ నీడా రెండూ కనబడేలా కొన్ని ఫోటోలు కలిపే మోడ్) పెట్టాను, గచ్చు నునుపు ప్లాస్టిక్‌లా కనబడింది (అన్నిటికంటే దరిద్రం అదే). ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/8 సెకను పెడితే చెయ్యి కదిలి మసక. ఐఎస్ఓ 1600 చేస్తే నిండా చుక్కలు. రా (RAW, ఫోన్ సొంతంగా మెరుగులు దిద్దని) ఫైళ్లు తీయడం కుదురుతుంది, ఇంకా ప్రయత్నించలేదు.

శుక్రవారం సెలవు కాబట్టి శనివారం మళ్లీ వెళ్తున్నాను. స్టాండ్ ఉండదు, ఫ్లాష్ వాడను.

చేత్తో పట్టుకునే తీస్తూ, దీపాలూ గచ్చు నగిషీ రెండూ స్పష్టంగా రావాలంటే ఐఎస్ఓ, షట్టర్ ఎంతెంత పెట్టాలి?