తాతగారి డికెన్స్ నవలలో ఉన్న సంతకం అసలుదేనా?

ప్రశ్న (పర్లాకిమిడి): మా తాతగారి ట్రంకుపెట్టెలో 1839 నాటి నికొలస్ నికిల్బీ దొరికింది. రచయిత బొమ్మ కింద సంతకం, ముందరి ఖాళీ పుటలో ఎవరికో కానుకగా ఇచ్చినట్టు గోధుమరంగు సిరా రాత ఉన్నాయి. రెండూ డికెన్స్ చేతివేనా?

జవాబు (బరంపురం): బొమ్మ కిందిది చేతిరాత కాదండీ, చిత్రకారుడు మాక్లీజ్ గీసిన ఆ బొమ్మతోపాటు లోహపు పలకపై చెక్కి అచ్చువేసినదే. నవల మొదట నెలనెలా భాగాలుగా వెలువడింది కనుక, కొన్నవారు వాటిని బైండు చేయించుకున్న ప్రతులూ ఉంటాయి. పుటల లోపలి అంచున, ఆ భాగాలను విడివిడిగా కుట్టిన పాత రంధ్రాలున్నాయేమో చూడండి; ఉంటే మీదీ అలాంటి ప్రతే.

జవాబు (రాయగడ): కానుక రాత డికెన్స్‌ది కాకపోయినా, పుస్తకం ఎవరి చేతులు దాటి మన గంజాం సీమకు చేరిందో చెప్పే ఆధారం అదే. దయచేసి దాన్ని తుడిపించకండి, కొత్త అట్ట వేయించకండి.

పర్లాకిమిడి: రంధ్రాలు కనిపించాయండీ, మూడు, దారపు పోగుతో సహా.