మార్చిలో అరువు సరుకు, మేలో చెల్లింపు: ఖర్చు ఏ ఏడాదిలో చూపాలి?

మాది చిన్న బట్టల దుకాణం. 2025 మార్చి 5న సిరిసిల్లలో ఒక మరమగ్గాల యూనిట్ నుంచి 3,20,000 రూపాయల సరుకు తెచ్చాను. రెండు నెలల అరువు, అదీ నోటిమాటే. మే 3న మొత్తం కట్టేశాను. బిల్లు మూలన చిన్న అక్షరాల్లో ఉద్యమ్ నంబరు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు సంఖ్య) ఉంది. అప్పుడు పట్టించుకోలేదు, నా ఖర్మ.

ఆదాయపు పన్ను చట్టం (1961) సెక్షన్ 43బి(హెచ్) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటాక కట్టిన బాకీ, కట్టిన ఏడాది ఖర్చుగానే లెక్కకు వస్తుందట; రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఆ గడువు 15 రోజులే, ఉన్నా 45 దాటదు కాబట్టి ఈ ఖర్చును 2025-26 ఆదాయంలోంచే తీసివేయాలని మా ఆడిటర్ అంటున్నారు. సరే. కానీ మార్చి 31 నాటికి అందులో సగం సరుకు బీరువాల్లోనే ఉంది. ముగింపు నిల్వలో (ఏడాది చివర మిగిలిన సరుకు లెక్కలో) దాని విలువ చూపి లాభం పెంచి, 2024-25 ఖర్చుల్లోంచి కొనుగోలు మొత్తాన్నీ తోసిపుచ్చితే రెండు దెబ్బలు కాదా? ఆ సగానికైనా మినహాయింపు అడగవచ్చా? ఇలాంటి లెక్కతో రిటర్ను వేసినవారు దయచేసి చెప్పండి.