ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ, 24 టెంపరేచర్ ప్రోబులు: ప్రోమిథియస్ పెట్టాలా, ఇన్‌ఫ్లక్స్‌డీబీ పెట్టాలా?

యార్డు_వైరింగ్ (ప్రశ్న)

అన్నలకు నమస్తే. ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ. 4 చాంబర్లు, ఒక్కోదాంట్లో 6 డీఎస్18బీ20 ప్రోబులు (టెంపరేచర్ కొలిచే చిప్‌లు). చాంబర్‌కొక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న బోర్డు), 30 సెకన్లకోసారి ఎంక్యూటీటీలో (చిన్న పరికరాలు మెసేజ్‌లు పంపే పద్ధతి) రీడింగు పంపిస్తది. సర్వర్‌గా 4 జీబీ రాస్‌ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్) ఉంది. ఓనరు హన్మకొండల ఉంటడు, ఫోన్ల గ్రాఫు చూడాలె. 8 డిగ్రీలు దాటితే మెసేజ్ పోవాలె. కరెంటు, నెట్టు రెండూ పోతుంటయి. రీడింగులు దాచే డేటాబేస్‌గా ఒకరు ప్రోమిథియస్ అంటరు, ఒకరు ఇన్‌ఫ్లక్స్‌డీబీ (ఇన్‌ఫ్లక్స్) అంటరు. ఏది మంచిది? 64 జీబీ కార్డు ఏడాది డేటాకు సరిపోతదా?

వడ్డేపల్లి_లైనక్స్

ప్రోమిథియస్ తనే ప్రతి మెషీన్ దగ్గరికి పోయి అంకెలు లాక్కొస్తది. సర్వర్లను చూసుకోవడానికి దానికి మించింది లేదు. మీ ఈఎస్‌పీలేమో వాటంతట అవే పంపిస్తున్నయి, మధ్యలో ఒక ఎక్స్‌పోర్టర్ (ప్రోమిథియస్ చదివేలా అంకెలు పెట్టే ప్రోగ్రామ్) ఇరికించాలె. ఏమీ మార్చకపోతే 15 రోజుల డేటానే ఉంచుతది. మీకు ఇన్‌ఫ్లక్స్‌డీబీ 2, టెలిగ్రాఫ్ (రీడింగులు తెచ్చి డేటాబేస్‌లో వేసేది), గ్రఫానా (గ్రాఫులు, అలర్ట్‌లు చూసేది) చాలు. ఇన్‌ఫ్లక్స్ వెర్షన్ 3 కోసం రాసిన పాఠాలు కలుపుకోకండి, అందులో ఫ్లక్స్ అనే క్వెరీ భాష లేదు. రాస్‌ప్‌బెర్రీ పైలో 64 బిట్ ఓఎస్సే ఉండాలె.

సైజు గురించి భయం వద్దు. 24 ప్రోబులు, రోజుకు ఒక్కోటి 2,880 రీడింగులు, మొత్తం 69,120. ఏడాదికి రెండున్నర కోట్ల పైచిలుకు. ఇది వినడానికే పెద్దది, కుదించి దాస్తది కాబట్టి మీ కార్డులో ఒక మూలకు కూడా రాదు. అసలు బాధ కార్డు సైజు కాదు, దాని మీద ఆగకుండా రాయడం. కరెంటు పోయినప్పుడు ఫైల్ సిస్టమ్ పాడయ్యేది కూడా దాంట్లోనే. యూఎస్‌బీ 3 పోర్టుకు చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టి డేటా దాని మీదికి మార్చండి. రాస్‌ప్‌బెర్రీ పైకి, రౌటర్‌కు కలిపి ఒక యూపీఎస్.

వరుస ఇది: మస్కిటో (ఎంక్యూటీటీ మెసేజ్‌లు అందుకునే ప్రోగ్రామ్) 1883 పోర్టు, అక్కడినుంచి టెలిగ్రాఫ్ తీసుకుని ఇన్‌ఫ్లక్స్‌కు 8086లో ఇస్తది, గ్రఫానా 3000లో చూపిస్తది. అందరూ ఆగేది మొదటి మెట్టు దగ్గరే. మస్కిటో 2 నుంచి, కాన్ఫిగ్‌లో లిజనర్ లైను రాయకపోతే అదే మెషీన్‌లోంచి వచ్చే కనెక్షన్లనే ఒప్పుకుంటది. రాస్‌ప్‌బెర్రీ పై మీదే టెస్టు చేస్తే బాగుంటది, ఈఎస్‌పీ మాత్రం కనెక్ట్ కాదు. లిజనర్ 1883 రాసి, పాస్‌వర్డ్ ఫైల్ కూడా ఇవ్వండి.

టెలిగ్రాఫ్‌లో డేటా టైప్ ఫ్లోట్ అని ముందే చెప్పండి. మొదటి రీడింగు పూర్ణాంకంగా పోయిందంటే తర్వాత వచ్చే 4.5ను ఇన్‌ఫ్లక్స్ టైప్ కలవలేదని తిప్పి కొడతది. చాంబర్, ప్రోబ్ నంబర్లు ట్యాగులు (వేరు చేసే లేబుళ్లు), టెంపరేచర్ ఫీల్డు (కొలిచిన విలువ). బస్తా లాట్ నంబరును ట్యాగ్‌గా పెట్టాలని ఎవరైనా అంటే వద్దనండి. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా కొత్త సిరీస్‌లు (ఒక్కో ట్యాగుల జతకు ఒక్కో రీడింగుల వరుస) పుట్టి ర్యామ్ తినేస్తయి.

కరీంనగర్_ప్యానెల్‌బోర్డ్

డేటాబేస్ కంటే ముందు వైరు చూసుకోండి. ఈఎస్‌పీ32లు చాంబర్ బయట పెట్టి, ప్రోబ్ కేబుల్ మాత్రమే లోపలికి పంపండి. రేకు ప్యానెళ్ల గోడలైతే లోపలి నుంచి వైఫై రాదు, పైగా బోర్డు మీద చెమ్మ పడతది. మూడు వైర్లతోనే కనెక్ట్ చేయండి, రెండు వైర్ల పద్ధతి వద్దు. ఒకటే కేబుల్ పొడుగునా ప్రోబులు వరుసగా రావాలె. ఒకే చోటు నుంచి ఆరు కొమ్మలు లాగితే సిగ్నల్ వెనక్కి కొట్టి రీడింగులు ఎగిరిపోతయి. పుల్ అప్ (డేటా వైరుకు, ప్లస్ వైరుకు మధ్య పెట్టే రెసిస్టర్) 4.7 కిలో ఓమ్స్. కేబుల్ పొడవైతే 2.2కు తగ్గించి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ డీఎస్18బీ20 చిప్ కరెంటు రాగానే, ఇంకా కొలవకముందే అడిగితే 85 అని చెప్తది. వైరు ఊడితే ఆర్డుయినో లైబ్రరీ మైనస్ 127 ఇస్తది. ఐదు ప్రోబులు 4 డిగ్రీలు చూపిస్తుంటే ఒక్క 85తో చాంబర్ సగటు 17.5 అవుతది, ఒక్క మైనస్ 127తో మైనస్ 17.8. రాత్రి రెండింటికి ఓనరును ఇట్ల లేపితే మర్నాడే అలర్ట్ బంద్ చేయిస్తడు. ఈ రెండు విలువలనూ ఈఎస్‌పీ కోడ్‌లోనే పంపకుండా వదిలేయండి, ఎన్ని వదిలేసిందో వేరే ఫీల్డుగా పంపండి. 12 బిట్లలో కొలవడానికి 750 మిల్లీసెకన్లు పడతది, తొందరపెట్టొద్దు. బిగించే ముందు అన్ని ప్రోబులనూ ఐసు ముక్కల నీళ్లలో ముంచి సున్నాకు ఎంత తేడా ఉందో రాసి పెట్టుకోండి. చిప్ లెక్క ప్రకారమే అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు, నకిలీ చిప్‌లైతే చెప్పలేం.

గ్రాఫ్_గోదావరిఖని

పైన ఇద్దరూ చెప్పనివి. రాస్‌ప్‌బెర్రీ పై 4లో గడియారం చిప్ లేదు. కరెంటు వచ్చి నెట్టు రాకపోతే పాత టైమ్‌తో రీడింగులు పడతయి, గ్రాఫు వెనక్కి నడుస్తది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టుకోండి.

నెల గ్రాఫులో సగటు మాత్రమే గీస్తే గంటపాటు వచ్చిన 11 డిగ్రీలు కూడా కనబడవు. గరిష్ఠం గీత పక్కన ఉండాలె. డేటా రాని చోట గీత తెగి కనబడనివ్వండి. పాత విలువతో నింపితే చచ్చిపోయిన ప్రోబు కూడా చల్లగా ఉన్నట్టే కనబడతది.

అలర్ట్‌కు పెండింగ్ పీరియడ్ (అంతసేపు హద్దు దాటి ఉంటేనే మోగాలని) 20 నిమిషాలు ఇవ్వండి. ఫిబ్రవరి, మార్చిల బస్తాలు దించేటప్పుడు తలుపులు తెరిచే ఉంటయి. ఇంకోటి: 24లో ఒక్క ప్రోబు మాయమైతే గ్రఫానా నో డేటా అని అరవదు, ఆ సిరీస్‌ను నిశ్శబ్దంగా తీసేస్తది. గత 5 నిమిషాలల్ల మాట్లాడిన ప్రోబులు 24 కంటే తక్కువైతే మోగే అలర్ట్ వేరుగా పెట్టండి. రాస్‌ప్‌బెర్రీ పై మొత్తం ఆగిపోతే చెప్పడానికి బయట ఎవరో ఉండాలె కదా: దాని నుంచి 5 నిమిషాలకోసారి బయటి సర్వీస్‌కు పింగ్ పోవాలె, రాకపోతే ఆ సర్వీసే మెసేజ్ పంపాలె.

ఓనరు ఫోన్ కోసం రౌటర్‌లో 3000 పోర్టు తెరవొద్దు. చాలా నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రస్ కూడా ఉండదు. టెయిల్‌స్కేల్ గానీ వైర్‌గార్డ్ గానీ (వీపీఎన్‌లు, నెట్ మీద ప్రైవేటు దారి) వాడండి, గ్రఫానా మొదట ఇచ్చే 'అడ్మిన్' అనే పాస్‌వర్డ్‌ను మార్చండి.

యార్డు_వైరింగ్

అన్నా, టెస్టుకు ఒక చాంబర్ పెట్టిన. రోజువారీ గరిష్ఠం టేబుల్‌ల రోజు పొద్దున 5:30కు మారుతుంది. అర్ధరాత్రికి మారాలె కదా?

గ్రాఫ్_గోదావరిఖని

ఇన్‌ఫ్లక్స్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కిస్తది, దాని అర్ధరాత్రి మనకు 5:30. డేటాను ముట్టుకోవద్దు, గ్రఫానా టైమ్‌జోన్ మార్చినా ఇది పోదు. ఫ్లక్స్ క్వెరీ మొదట్లో టైమ్‌జోన్ ప్యాకేజీ ఇంపోర్ట్ చేసి లొకేషన్ ఆప్షన్‌కు ఏషియా/కోల్‌కతా ఇవ్వండి. ఇది రోజు లెక్క కట్టే ప్రతి క్వెరీలోనూ రాయాలె.