ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి రైల్లో: ఏ ఊరు, ఏ టికెట్టు, ఎక్కడ జాగ్రత్తపడాలి?

ప్రశ్న – ఉత్తరగాలి

అందరికీ నమస్కారం. లండన్ నుంచి నలుగురం బయల్దేరుతున్నాం. పిల్లలకి 7, 10 ఏళ్లు. ఎవరికీ స్కీయింగ్ రాదు. ఫిబ్రవరి బడి సెలవుల్లో ఒక వారం ఆల్ప్స్‌లో గడపాలని ఆలోచన. విమానం, అద్దె కారు రెండూ వద్దనుకుంటున్నాం. అందరివీ భారతీయ పాస్‌పోర్టులు, యూకేలో నివాస అనుమతి ఉంది. ఏ ఊరు ఎంచుకోవాలి? పారిస్‌లో రైలు మారడానికి ఎంత సమయం వదలాలి? టికెట్లు ముందా, వీసా ముందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు 1 – పట్టాలబాట

ఉత్తరగాలి గారూ, చాలామంది ముందు రిసార్ట్ పేరు ఖాయం చేసుకుని, ఆ తర్వాత రైలు వెతుకుతారు. మీరు దాన్ని తిరగేయండి. ఆల్ప్స్‌లో పెద్ద రైల్వే స్టేషన్లు చాలావరకు లోయ అడుగున ఉంటాయి, మంచు వాలులు పైన ఉంటాయి. ఆ మధ్య దూరం ఎలా దాటుతారన్న దాన్నిబట్టే పిల్లలతో ప్రయాణం సుఖమో కష్టమో తేలిపోతుంది. రైలు దిగి నడుచుకుంటూ స్కీ లిఫ్ట్ (జనాన్ని తీగల మీద వాలు పైకి చేర్చే ఏర్పాటు) దగ్గరికి వెళ్లగలిగే ఊళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలోంచే ఎంచుకోండి.

మీ అవసరానికి నా మొదటి ఓటు ఫ్రాన్స్‌లోని లెజార్క్‌కి. పారిస్ నుంచి వచ్చే టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) చివరి స్టేషన్ బూర్-సాం-మోరీస్. స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే ఫ్యునిక్యులర్ (తాడు లాగితే కొండెక్కే రైలు) ఉంటుంది, అది 7 నిమిషాల్లో ఆర్క్ 1600కి (పేరులోని అంకె సుమారు ఎత్తు, మీటర్లలో) చేరుస్తుంది. 1800, 1950 లాంటి పై ఊళ్లకి అక్కడి నుంచి షటిల్ బస్సు. ఈ వాలులు సుమారు 1,200 మీటర్ల నుంచి 3,226 మీటర్ల ఎగ్వీ రూజ్ శిఖరం దాకా ఉన్నాయి కాబట్టి ఫిబ్రవరిలో మంచు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. గదులు ఖాయం చేసేముందు ఫ్యునిక్యులర్ చివరి ట్రిప్పు ఎన్నింటికో తప్పక చూడండి. రాత్రి ఆలస్యంగా దిగితే టాక్సీయే గతి.

అదే రైలు ముందుగా మూతియేలో ఆగుతుంది. కూర్షవెల్, మెరిబెల్, వాల్ తొరాన్స్ అనే స్కీ ఊళ్లకి బస్సులు బయల్దేరేది అక్కడే. వాల్ తొరాన్స్ 2,300 మీటర్ల ఎత్తున ఉంది, మంచుకి ఢోకా లేదు. కానీ కొండదారి పొడవు, శనివారాల్లో కార్ల బారు వల్ల బస్సు నత్తనడకే. బస్సు ప్రయాణం తగ్గాలంటే మూతియే పక్కనే ఉన్న బ్రీద్-లె-బాన్‌లో బస చేయొచ్చు. 1992 ఆల్బర్‌విల్ ఒలింపిక్స్ కోసం అక్కడి నుంచి మెరిబెల్‌కి గొండోలా (తీగ మీద నడిచే చిన్న కేబిన్లు) వేశారు, ఇప్పటికీ నడుస్తోంది. ఊరు కింద ఉండటంతో గదులు పైకంటే చవక.

ఆస్ట్రియాలో సాంక్ట్ ఆంటోన్ స్టేషన్ ఊరి నడిబొడ్డునే ఉంది, జూరిక్–ఇన్స్‌బ్రుక్ రైళ్లు ఆగుతాయి. అయినా కొత్తవాళ్లకి నేను దాన్ని సూచించను. ఫ్రాన్స్‌లో వాలులకి కష్టాన్నిబట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని నాలుగు మెట్లుంటే ఆస్ట్రియాలో ఆకుపచ్చ లేదు, నీలంతోనే మొదలు. సాంక్ట్ ఆంటోన్ నీలం వాలులు కొన్ని చోట్ల కష్టంగానే ఉంటాయి. ఆస్ట్రియానే కావాలంటే జెల్ అమ్ జే చూడండి, స్టేషన్ ఊళ్లోనే, సరస్సు ఒడ్డున ఉంది. కిట్స్‌బ్యూల్‌లో హానెన్‌కామ్ లిఫ్ట్ పక్కనే చిన్న స్టేషన్ ఉంది గానీ ఊరి ఎత్తు 760 మీటర్లే. వెచ్చటి ఏడాది కింద మంచు పలచబడుతుంది.

స్విట్జర్లాండ్ ఖర్చెక్కువ. రైలు విషయంలో మాత్రం దానికి సాటి లేదు. దేశంలో తిరిగే మామూలు రైళ్లకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు. ఒకటి తప్పితే చాలా మార్గాల్లో అరగంటకో గంటకో ఇంకొకటి వస్తుంది. గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ స్టేషన్‌లో రైలు దిగితే 2020 డిసెంబర్‌లో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ గొండోలా అక్కడే ఉంటుంది. జెర్మాట్, వెంగెన్ కార్లే లేని ఊళ్లు. ల షాబ్ల్ స్టేషన్ నుంచి వెర్బియేకి నేరుగా గొండోలా ఉంది.

జవాబు 2 – లోయరైలు

పారిస్ సంగతి నేను చెప్తాను, ఎక్కువ ప్రయాణాలు చెడేది అక్కడే.

లండన్ నుంచి వచ్చే యూరోస్టార్ రైలు గార్ దు నోర్ స్టేషన్‌లో దింపుతుంది. ఆల్ప్స్ వైపు టీజీవీలు, జూరిక్ వెళ్లే లిరియా రైళ్లు గార్ ద లియోన్ అనే ఇంకో స్టేషన్ నుంచి. రెంటి మధ్య ఆర్‌ఈఆర్ డి అనే లోకల్ రైలు లైన్: షాత్‌లే లె ఆల్ తర్వాతి స్టాపే గార్ ద లియోన్. రైల్లో కూర్చునే సమయం పది నిమిషాలలోపే. కాలం తినేది మిగతావన్నీ: యూరోస్టార్ ప్లాట్‌ఫాం చివరిదాకా నడక, టికెట్ మెషీన్ దగ్గర క్యూ, సామానుతో మెట్లు, గార్ ద లియోన్‌లో మీ హాలు వెతుక్కోవడం. పిల్లలతో గంటన్నర తక్కువ కాకుండా వదలండి. వారాంతాల్లో ఆర్‌ఈఆర్ డి మీద మరమ్మతులు జరుగుతుంటాయి, ముందురోజు చూసుకోండి. టాక్సీ ప్రత్యామ్నాయమే గానీ రద్దీ వేళ దాన్ని నమ్ముకోలేం.

తిరుగు ప్రయాణంలో ఈ లెక్క సరిపోదు. లండన్ వెళ్లే యూరోస్టార్ ఎక్కేముందు గార్ దు నోర్‌లోనే ఫ్రెంచ్ అధికారులు, బ్రిటిష్ అధికారులు ఇద్దరూ పాస్‌పోర్టులు చూస్తారు. ఆ పైన సామాను స్కానింగ్. గేట్లు రైలు టైముకి చాలా ముందే మూసేస్తారు. అందుకే గార్ ద లియోన్‌లో దిగడానికీ యూరోస్టార్ బయల్దేరడానికీ మధ్య రెండున్నర గంటలు పెట్టుకోండి. వెళ్లేటప్పటి వ్యవధినే వచ్చేటప్పుడూ పెట్టుకోవడం వల్లే చాలామందికి రైలు తప్పుతుంది.

పారిస్ దాటడమే వద్దనుకుంటే లీల్ యూరోప్‌లో దిగండి. అక్కడ నుంచి లియోన్ పార్-ద్యూకి పారిస్ నగరంలోకి వెళ్లకుండానే టీజీవీలున్నాయి, లియోన్ నుంచి ఆల్ప్స్ వైపు షాంబేరీకి టీఈఆర్ (ప్రాంతీయ) రైళ్లు. మార్పులు పెరుగుతాయి గానీ స్టేషన్ మారి పరిగెత్తే పని ఉండదు.

టీజీవీ ఎక్కేటప్పుడు బోగీ నంబర్ చూసుకునే ఎక్కండి. చాలాసార్లు రెండు రైళ్లు కలిపి నడుపుతారు. లోపల ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి ఉండదు, కొన్నిసార్లు మధ్యలో విడిపోయి వేర్వేరు ఊళ్లకి వెళ్తాయి కూడా. తలుపులు బయల్దేరే సమయానికి 2 నిమిషాల ముందే మూసుకుంటాయి.

విడివిడిగా కొంటే టికెట్ల వరస: ముందు ఆల్ప్స్ టీజీవీ, ఆ తర్వాత యూరోస్టార్. ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లో బడులకి మూడు జోన్లుగా, నాలుగు వారాల మీద సెలవులిస్తారు. మీ సెలవులు వాటిలో పడతాయి కాబట్టి శనివారం టీజీవీలు త్వరగా నిండుతాయి. యూరప్ రైళ్ల వార్షిక టైంటేబుల్ డిసెంబర్ మధ్యలో మారుతుంది. అందుకే చలికాలం టికెట్లు ఒక్కోసారి ఆలస్యంగా విడుదలవుతాయి. తేదీ కనబడలేదంటే రైలు లేదని కాదు, ఇంకా అమ్మకానికి పెట్టలేదని.

వీలైతే మొత్తం ప్రయాణం ఒకే టికెట్‌గా కొనండి. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఒకే టికెట్ మీద కనెక్షన్ తప్పి గంటకి పైగా ఆలస్యమైతే వేరే దారిలో చేర్చే బాధ్యత రైల్వేది. గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యంగా చేరితే 25 శాతం, 120 దాటితే 50 శాతం పరిహారం. వాతావరణ బీభత్సం లాంటి కారణాలకి పరిహారం వర్తించదు. విడివిడి టికెట్లైతే ఒకటి ఆలస్యమైనప్పుడు రెండోదాని హక్కు ఇంత గట్టిగా ఉండదు. అలాంటప్పుడు వెంటనే స్టేషన్ సిబ్బంది చేత ఆలస్యం నమోదు చేయించుకుని, తర్వాతి రైలుకి ఒప్పుకుంటారేమో అడగండి.

ఉత్తరగాలి

చాలా థాంక్సండీ ఇద్దరికీ. లెజార్క్ వైపే మొగ్గుతున్నాం. అయితే అపార్ట్‌మెంట్లన్నీ శనివారం నుంచి శనివారమే ఇస్తున్నారు. శనివారం రైళ్లేమో కిటకిట. దీనికి దారి ఉందా?

లోయరైలు

ఉంది. శుక్రవారమే బయల్దేరి ఆ రాత్రి షాంబేరీలోనో బూర్-సాం-మోరీస్‌లోనో హోటల్ తీసుకోండి. శనివారం తీరిగ్గా పైకెళ్లండి. అపార్ట్‌మెంట్ తాళాలు ఎలాగూ సాయంత్రం 4–5 గంటలకి గానీ ఇవ్వరు. ఈలోపు బూట్లు, స్కీలు అద్దెకి తీసుకుంటే ఆదివారం పొద్దున దుకాణంలో తొక్కిసలాట తప్పుతుంది. మరో మార్గం, వారమంతా బూర్-సాం-మోరీస్‌లోనే బస చేసి రోజూ ఫ్యునిక్యులర్‌లో వెళ్లిరావడం. కింద సూపర్‌మార్కెట్ ధరలు తక్కువ, ఆదివారం నుంచి ఆదివారం గదులూ దొరుకుతాయి. నష్టమల్లా చిన్నవాడు మధ్యాహ్నం అలిసిపోతే గదికి వెళ్లడం సులువు కాదు.

జవాబు 3 – మంచుగడప

వీసా గురించి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి చెల్లే ఉమ్మడి వీసా) దరఖాస్తు. లెజార్క్ అంటే ఫ్రాన్స్. ఆస్ట్రియాకి మారితే, పారిస్ మీదుగా వెళ్లినా సరే, ఆస్ట్రియాకే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా తీసుకుంటారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా. అసలు చిక్కు అపాయింట్‌మెంట్ దొరకడం, కాబట్టి అక్టోబర్‌లోనే మొదలుపెట్టండి. పిల్లలకి విడివిడి దరఖాస్తులు కావాలి. పాస్‌పోర్ట్ గత పదేళ్లలో జారీ అయి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా 3 నెలలు చెల్లుబాటులో ఉండాలి. మీ యూకే ఈ-వీసా ఖాతాకి ఇప్పటి పాస్‌పోర్టే జతై ఉందో లేదో చూసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు అది ముఖ్యం.

టికెట్లా వీసానా అంటే, మార్చుకోగలిగిన టికెట్లు ముందు కొని, వాటిని దరఖాస్తుకి జతచేయండి. రద్దు, మార్పు నియమాలు ఒక్కో టికెట్‌కి ఒక్కో రకంగా ఉంటాయి, డబ్బు కట్టేముందే చదవండి. ఊయిగో అనే చవక టీజీవీ సర్వీసు ఉంది గానీ దాని నియమాలు మామూలు టీజీవీవి కావు.

వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. ఆ బీమా స్కీయింగ్‌కి వర్తిస్తుందని అనుకోవద్దు. ఫ్రాన్స్‌లో వాలు మీద దెబ్బ తగిలి స్లెడ్జిలో కిందికి దించితే ఆ రక్షణ ఖర్చు దెబ్బతిన్నవాళ్లే భరించాలి. పాలసీలో చలికాల క్రీడలు, వాలు మీద రక్షణ, ఎదుటివాళ్లకి తగిలే గాయాల బాధ్యత, మూడూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే లిఫ్ట్ పాస్ (లిఫ్ట్‌లు ఎక్కడానికి టికెట్టు) కౌంటర్‌లోనే కారే నేజ్ అనే రోజువారీ బీమా అమ్ముతారు.

సామాను: స్కీలు, బూట్లు, హెల్మెట్లు అన్నీ అక్కడే అద్దెకి. బూటు బిగింపు మీద శ్రద్ధ పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడకి చిన్నగా తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. ఒక్క జత పొడవాటి సాక్సే వేసుకోవాలి. వెచ్చదనానికని రెండు జతలు తొడిగితే మడతలు పడి కాలు ఒరుసుకుంటుంది, బిగుసుకుని రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది. గాగుల్స్, నీరు ఇంకని చేతి తొడుగులు మీరే కొనుక్కోండి. పిల్లలకి తొడుగులు రెండేసి జతలు.

పిల్లలకి స్కీ స్కూల్ గదులతో పాటే బుక్ చేయండి, సెలవుల్లో అదీ నిండిపోతుంది. గ్రూపు పాఠాలు ఆదివారం గానీ సోమవారం గానీ మొదలై శుక్రవారం దాకా ఉంటాయి, మధ్యలో చేరనివ్వరు. అలాగే మొదటి రోజే ఆరు రోజుల పూర్తి లిఫ్ట్ పాస్ కొనకండి. చాలా ఫ్రెంచ్ రిసార్ట్‌లలో నేర్చుకునేవాళ్ల వాలు దగ్గర ఉచిత లిఫ్టో, తక్కువ ధర పాసో ఉంటుంది. టీచర్ పైకి తీసుకెళ్తానన్న రోజు నుంచి పెద్ద పాస్ తీసుకుంటే చాలు.