పిల్లల కేంద్రానికి ఏ ఇల్లు తీసుకోమంటారు? (కావలి దగ్గర పల్లె)

కావలి_పొదుపక్క: నాట్లకూ, రొయ్యల షెడ్లకూ పోయే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునేదానికి మా సంఘం తరఫున కేంద్రం పెడుతున్నాం. ఇరవై మంది దాకా వస్తారు, ఆర్నెల్ల పసివాళ్లు కూడా ఉంటారు. వంట అక్కడే. మూడు చోట్లు చూశాం. చెరువు కట్ట కింద పాత డాబా, అద్దె తక్కువ. ఊరి మధ్యలో రేకుల షెడ్డు, ఇదివరకు పురుగుమందుల గోడౌను. బస్టాండు వెనక కొత్త ఇంట్లో పై అంతస్తు. ఏది మేలు? అగ్రిమెంటు ఎన్నేళ్లకు రాయించుకోవాలి?

పెన్నా_ఒడ్డు: కట్ట కింద ఇల్లు ఊరికే ఇచ్చినా వద్దక్కా. ఇల్లు చూపించినాయన ‘ఇక్కడికి చుక్క నీళ్లు రావు’ అన్నాడు మాతో కూడా. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బాలు తేలినాయి. కొత్తగా సున్నం కొట్టిన గోడను నమ్మొద్దు. బీరువా జరిపించి వెనక చూడండి, నీళ్లు నిలిచిన చార అక్కడ దొరుకుతుంది.

ఒంగోలు_మేస్త్రీ: ముప్పై ఏళ్లుగా ఇదే పని, నా మాట వినండి. పాత డాబా అంటే ముందు స్లాబు అడుగు భాగం చూడాలి. సముద్రపు గాలికి కడ్డీ త్వరగా తుప్పు పడుతుంది. కర్రతో తట్టండి, డొల్ల శబ్దం వచ్చిందా, పెచ్చు ఎప్పుడో ఊడుతుంది. కళ్లు మూసుకుని పై అంతస్తు తీసుకోండి. గాలీ వెలుతురూ ఉంటాయి, పాములూ తేళ్లూ రావు.

సంగం_టీచరమ్మ: కళ్లు మూసుకునా? 2004లో కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. నిప్పు పుట్టింది వంటపాకలో, పిల్లలున్నది పైన, దిగడానికి ఇరుకు మెట్లు. నడక రాని పసివాళ్లను ఒక ఆయమ్మ ఎంతమందిని చంకనేసుకుని దిగుతుంది?

ఒంగోలు_మేస్త్రీ: అది ఆకుల కప్పు మేడం. ఇది ఆర్‌సీసీ, సిమెంటు స్లాబు. తేడా తెలియకుండా జనాన్ని టెన్షన్ పెట్టకండి.

సంగం_టీచరమ్మ: పొగకు ఆర్‌సీసీ అని తెలుస్తుందా? మెట్లు ఒక్కటేనా, రెండోవైపు దారుందా, సిలిండరు ఆ మెట్ల కిందే పెడుతున్నారా? అది చెప్పండి ముందు.

కనిగిరి_కుర్రాడు: గోడలూ మెట్లూ సరే, తాగే నీళ్లు ఎవరికీ పట్టలేదే! మా వైపు ఊళ్లలో పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమ మరకలే. అది నీళ్లలోని ఫ్లోరైడు వల్ల. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారయ్యేది సరిగ్గా ఈ వయసులోనే. బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

నెల్లూరు_నాయుడు: ఇంత రాద్ధాంతం ఎందుకు? కాచి చల్లార్చితే సరిపోతుంది.

కనిగిరి_కుర్రాడు: కాస్తే చచ్చేది క్రిములు. ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

నెల్లూరు_నాయుడు: మా తాత కాచిన నీళ్లే తాగి తొంభై ఏళ్లు బతికాడు.

కనిగిరి_కుర్రాడు: మీ తాత పెన్న నీళ్లు తాగాడు సార్. మా తాత నలభైకే నడుం వంగిపోయాడు. ఒకసారి దర్శి, పొదిలి వైపు వచ్చి చూసి మాట్లాడండి.

నెల్లూరు_నాయుడు: ఆవిడ అడిగింది కావలి గురించి. ప్రతి చర్చలోనూ మీ ప్రాంతం ఏడుపే.

కనిగిరి_కుర్రాడు: ఏడుపు కాబట్టే ఏడుస్తున్నాం. ఉదయగిరి మీ జిల్లాదే కదా, అక్కడ అడగండి. అయినా పక్కపక్క బోర్లకే తేడా ఉంటుంది, ఊరి పేరు చూసి తేల్చేది కాదు.

పెన్నా_ఒడ్డు: ఆర్‌వో ఫిల్టరు పెట్టుకుంటే ఫ్లోరైడు తగ్గుతుంది, గొడవ ఆపండయ్యా.

వాస్తు_మిత్ర: ఈశాన్యంలో బరువు లేకుండా చూసుకోండి. ప్లాను ఫొటో పెడితే చెబుతాను.

అంగన్‌వాడీ_అక్క: గోడౌను మాట అందరూ వదిలేశారు! అద్దె కలిసొస్తుందని మేమూ అట్లాంటి గదిలోనే చేరాం. ఎంత కడిగినా, ఎండ ముదిరితే నేల పగుళ్లలోంచి మందు వాసన గుప్పున కొట్టేది. పాకే పిల్లలు నేలను తడిమి అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. పైగా మే నెలలో రేకుల కింద మీరు గంట కూర్చుని చూడండి. జాగా అంటారా, 30 మందికి 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి ఇంకో 30 ఉండాలని ప్రమాణం. మీకు వంటగది వేరుగా, గడియ పెట్టుకునేట్టు ఉండాలి. సంపు మూత మీద బండ పెడితే చాలదు, తాళం కావాలి. స్విచ్చి బోర్డు ఎత్తు, కిటికీ చువ్వల సందు కూడా చూసుకోండి.

ఒంగోలు_మేస్త్రీ: చువ్వల సందులో పిల్లాడి తల పట్టకూడదు. నేను కట్టిన ఏ ఇంట్లోనూ పట్టదు.

కావలి_పొదుపక్క: గోడౌను, కట్ట కింద డాబా వదిలేశాం. బస్టాండు వెనక ఇంటాయన కింది భాగం ఖాళీ అవుతుందంటున్నాడు, అద్దె మాత్రం ఎక్కువ. వెనక తలుపు ఉంది, కానీ దానికి అడ్డంగా ఆయన పాత స్కూటరు. తీస్తానని నోటిమాట. అగ్రిమెంటు సంగతి ఎవరూ చెప్పలేదు.

సంగం_టీచరమ్మ: స్కూటరు తీశాకే అడ్వాన్సు ఇవ్వమ్మా. ఏడాది దాటితేనే రిజిస్టరు చేయించాలనుకుని అందరూ 11 నెలలకు రాస్తారు, కానీ మన ఆంధ్రలో ఎన్నాళ్లకు రాసినా చేయించాల్సిందే. మీరు రిజిస్టరే చేయించుకోండి, లేకుంటే ఇంటాయన బేరం మారిస్తే పిల్లల్ని ఎత్తుకుని వీధిన పడాలి.

నెల్లూరు_నాయుడు: ఆ గోడౌను ఎవరిదో చెబుతారా? మాకు గడ్డి మోపులు వేసుకోను జాగా కావాలి.