ఎముకల్లో తేలిన బ్లడ్ గ్రూప్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్. ఒక అస్థిపంజరం దొరికితే, కనపడకుండా పోయిన మా బాబాయిదేమో అని పోలీసులు పిలిచారు, తొడ ఎముక లోపల స్పాంజిలా ఉండే భాగాన్ని పొడి చేసి అబ్సార్ప్షన్ ఎల్యూషన్ పద్ధతిలో (ఏ గ్రూప్ యాంటీబాడీలు ఆ పొడికి అంటుకుంటాయో చూసి గ్రూప్ చెప్పే పద్ధతి) టెస్ట్ చేస్తే బి గ్రూప్ వచ్చిందట, కానీ బాబాయి బ్లడ్ డోనర్ కార్డు మీద ఓ పాజిటివ్ అని స్పష్టంగా ఉంది, అందుకని ఆయన కాదని తేల్చేస్తున్నారు.

నేను చదివినంతలో కొన్ని బాక్టీరియా మీద కూడా బి లాంటి యాంటిజెన్ (బ్లడ్ గ్రూప్‌ని గుర్తుపట్టే పదార్థం) ఉంటుంది, అవి ఎముకకి పట్టేస్తే ఓ గ్రూప్ కూడా బి లాగా కనపడొచ్చు. మరి పక్కనున్న మట్టిని కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి, టెస్ట్ చేయాలి కదా? రిపోర్ట్‌లో ఆ మాటే లేదు. గ్రూప్ కలిసినంత మాత్రాన అదే మనిషి అనలేం, అది సరే, కలవలేదని కొట్టేయడానికి మాత్రం ఈ ఒక్క టెస్ట్ సరిపోతుందా?

మా నానమ్మ ఉంది, మైటోకాండ్రియల్ డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఆవిడ శాంపిల్‌తో పోల్చొచ్చు. దవడలో పళ్ళు గట్టిగానే ఉన్నాయన్నారు, వాటినుంచి డీఎన్ఏ తీయమని అప్లికేషన్ ఎవరికి పెట్టాలి, పోలీసులకా కోర్టుకా? ఎముకల్ని పూడ్చేసేలోపే అడగాలి, తెలిసినవాళ్ళు దయచేసి త్వరగా చెప్పండి.