సంక్రాంతి కొలువుకు పాత సామానులో కొన్న కొండపల్లి బొమ్మ: కొత్త రంగు వేయాలా, వద్దా?

పర్లాకిమిడి కోడలు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక బొమ్మ మీద తగవు నడుస్తోంది. అనుభవం ఉన్నవారు తీర్పు చెప్పాలి.

పోయిన ఆదివారం మా వీధి చివర పాత ఇనుము, పాత పుస్తకాలు అమ్మే ఆయన గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. తుప్పు పట్టిన తాళాలు, మూత లేని ఫ్లాస్కు, ఒక కాలు ఊడిన ప్లాస్టిక్ పాప, వాటి మధ్య పక్కకు ఒరిగిన ఒక కొయ్యబొమ్మ. మజ్జిగ చిలికే అమ్మాయి. జానెడు ఎత్తు ఉంటుంది. కుడి చెయ్యి లేదు, కవ్వం లేదు, కుండ మాత్రం ఉంది. చీర ఒకప్పుడు ఎరుపై ఉంటుంది. ముక్కు మీద రంగు లేచిపోయి తెల్లటి పూత బయటపడింది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు, అందుకే కొండపల్లిదని అనుకున్నాను. 60 రూపాయలు అడిగాడు. బేరం ఆడబుద్ధి కాలేదు.

నా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. సంక్రాంతికి మూడు రోజులు కొలువు పెడతాం. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలని మా అమ్మ నియమం. ఈ ఏడు చేరేది ఇదేనన్నాను. మా అత్తగారేమో చెయ్యి పెట్టించి, నిండుగా రంగులు వేయించి, అప్పుడు కొలువులో పెట్టమంటున్నారు. పదో తరగతి చదివే మా అమ్మాయి రంగు డబ్బా ఇంట్లోకి తేవద్దంటోంది. పక్కింటివారు విరిగిన బొమ్మ ఇంట్లో ఉంచకూడదు, మహేంద్రతనయలో వదిలేయమన్నారు. వదిలేయడం మాత్రం నా వల్ల కాదు. మిగిలిన ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

బరంపురం బొమ్మలాయన:

అమ్మా, మీ అమ్మాయి మాట వినండి. రంగు వేయకండి. ముఖం జోలికి అసలు పోకండి.

ఒకసారి ఆ కనుబొమలను వెలుగులో చూడండి. ముక్కు దగ్గర మందంగా మొదలై చెవి వైపు సన్నబడుతూ ఒక్క ఊపులో సాగి ఉంటాయి. అది ఎవరో ఒక పనివాడి చేతివాటం. ఆయన పేరు మనకు తెలియదు, ఆ గీత ఒక్కటే మిగిలింది. దాని మీద మనం కుంచె పెడితే అదీ ఉండదు.

కొండపల్లి పని తీరు ఇది. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద సున్నపు పూత, ఆపైన రంగు. మీరు ముక్కు మీద చూసిన తెలుపు ఆ పూతే. చెయ్యి పోయిన చోటు పరీక్షగా చూడండి. పొడిపొడిగా రాలుతుంటే మక్కు ఊడిందని అర్థం, పీచు కనిపిస్తే కర్రే విరిగిందని. మక్కు ఊడినదైతే బాగుచేయడం తేలిక.

తడిబట్టతో తుడవవద్దు. నీటి రంగులైతే బట్టకే అంటుకుని వచ్చేస్తాయి. మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. ఇంకా శుభ్రం చేయాలనిపిస్తే పీఠం అడుగున, ఎవరికీ కనిపించని చోట, దూదిపుల్లను కాస్త తడిపి అద్ది చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి.

ఇదంతా ఒక బొమ్మను పాడుచేసి నేర్చుకున్నాను. అది అంబారీ ఏనుగు. పాత సామాను కొట్లో దొరికింది. మొదట్లో తెలియక ఎనామిల్ రంగు వేశాను. చూసినవారంతా మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు పెచ్చులుగా లేచింది, దానితోపాటు కింద ఉన్న పాత రంగు, సున్నం కూడా ఊడివచ్చాయి. మావటివాడి ముఖం మొత్తం పోయింది. ఆ పెచ్చులు ఇప్పటికీ ఒక అగ్గిపెట్టెలో దాచుకున్నాను.

గుణుపురం మాస్టారు:

బొమ్మలాయన గారి అనుభవం పట్ల గౌరవంతోనే ఆయనతో విభేదిస్తున్నాను.

మనం ఉంటున్నది ఒడిశాలో. పూరీ జగన్నాథుడి కొయ్య మూర్తులనే నవకళేబరంలో మార్చేస్తారు. 1996లో మార్చారు, మళ్లీ 2015లో మార్చారు. మధ్యలో కూడా ఏటా దేవస్నాన పూర్ణిమ తరువాత, భక్తులకు దర్శనం ఉండని అనసర రోజుల్లో, మూర్తులకు మళ్లీ రంగులు దిద్దుతారు. సాక్షాత్తూ దేవుడి ముఖానికే ఏటా కొత్త రంగు పడుతుంటే మజ్జిగ చిలికే పిల్లకు వేయకూడదంటే ఎలా?

కొయ్యబొమ్మ అంటే వాడుక వస్తువు. చేసినవాడు దాన్ని పిల్లల చేతుల కోసం, కొలువు మెట్ల కోసం చేశాడు, అద్దాల బీరువా కోసం కాదు. రంగు వెలిసిపోతే మళ్లీ వేసుకుంటారని ఆయనకూ తెలుసు. మా అమ్మ ప్రతి రెండు మూడేళ్లకూ కొలువు బొమ్మలన్నీ దింపి, పెరట్లో కూర్చుని, తన చేతులతో రంగులు దిద్దేది. మాకు తెలిసిన రాముడి ముఖం మా అమ్మ దిద్దిన ముఖమే. అది తప్పని ఈ రోజు ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

బరంపురం బొమ్మలాయన:

మాస్టారూ, మీ అమ్మగారు చేసింది తప్పని నేను అనడం లేదు. ఆ రాముడు ఆవిడ ఇంటి రాముడు, ఏటా ఆవిడ చేతుల్లోనే ఉన్నాడు. ఈ బొమ్మ కథ వేరు. ఇది ఎక్కడో ఒక ఇంటి కొలువు నుంచి తప్పిపోయి గోనెపట్టా మీదికి వచ్చింది. ఎవరు చేశారో, ఏ పుట్టింటివారు ఏ కూతురికి ఇచ్చారో తెలియదు. తెలుసుకోవడానికి మిగిలిన ఆధారం ఆ రంగే.

జగన్నాథుడి మాట ఎత్తారు కాబట్టి అదీ చూద్దాం. అక్కడ రంగు వేసేది తరతరాలుగా ఆ సేవ చేస్తున్న కుటుంబాలవారు, వారికి నియమం ఉంది, వాడే రంగులకు నియమం ఉంది. కుంచె దొరికిన ప్రతివారూ వేయరు. ఈ అమ్మాయికి రంగు వేయాల్సిందేనంటే కొండపల్లి తీసుకువెళ్లి అక్కడి పనివారి చేతుల్లో పెట్టండి. నేను అడ్డు చెప్పను. ఊళ్లో బోర్డులు రాసే ఆయనకు ఇవ్వడం మాత్రం వద్దు.

రాయగడ అమ్మమ్మ:

పర్లాకిమిడి అమ్మాయీ, ముందు నదిలో వదిలేయమన్న మాట మనసులోంచి తీసెయ్యి. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదన్నది దేవతా విగ్రహాలకు చెప్పిన మాట. కొలువులో దేవుళ్లతోపాటు కూరగాయలు అమ్మే ఆమె ఉంటుంది, పోలీసు ఉంటాడు, పెళ్లివారు ఉంటారు. వీరికి మనం పేరంటం చేస్తాం గాని ప్రాణప్రతిష్ఠ చేయం కదా. చెయ్యి లేని మనిషిని పేరంటానికి రావద్దంటామా?

కొత్త బొమ్మ అంటే నీ కొలువుకు కొత్త. నేను విజయనగరం నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన మొదటి సంక్రాంతికి చేతిలో డబ్బు లేక, పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె దగ్గర ఒక సెల్యులాయిడ్ పాపను తీసుకున్నాను. దాన్ని ఎవరో ఆడుకుని వదిలేశారు. నుదుటి మీద సొట్ట. లాగు కుట్టి తొడిగి పై మెట్టు మీద దీపం పక్కన కూర్చోబెట్టాను. యాభై ఏళ్లుగా దాని చోటు అదే. ఇప్పటికీ దగ్గరికి తీసుకుంటే కర్పూరం వాసన వస్తుంది. నా మటుకు నేను మీ అత్తగారి వైపు కూడా కొంచెం మాట్లాడతాను. ముఖం ఉంచండి, చీరకు మాత్రం రంగు వేయండి. వెలిసిన చీరతో ఆడపిల్లను పండగకు ఎలా కూర్చోబెడతాం?

జయపురం రసాయనం:

అమ్మమ్మ గారూ, ముందు మీకు చెప్పాలి. దయచేసి ఆ పాపను దీపం పక్కనుంచి ఈ రోజే తీసేయండి. సెల్యులాయిడ్‌ను నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేస్తారు, మీకు వచ్చే వాసన అదే. నిప్పు అంటితే క్షణంలో భగ్గుమంటుంది. హారతి పళ్లెం దగ్గరికి కూడా రానివ్వవద్దు. గాలి ఆడని డబ్బాలో మూసి పెట్టవద్దు కూడా. పాతబడ్డ సెల్యులాయిడ్ నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి ఆ బొమ్మనూ తినేస్తుంది, పక్కన ఉన్నవాటినీ పాడుచేస్తుంది. గాలి తగిలే అట్టపెట్టెలో, మిగతా బొమ్మలకు దూరంగా, చల్లటి చోట ఉంచండి.

ఇక రంగు సంగతి. ఇంతవరకు ఎవరూ సీసం ప్రస్తావన తేలేదు. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. మీ బొమ్మ అంతకంటే చాలా పాతది. దాని మీద ముందు ఎవరైనా ఎనామిల్ వేశారో లేదో మనకు తెలియదు. కాబట్టి కొత్త రంగు కోసమని గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి ఊపిరితోపాటు లోపలికి పోతుంది. రుద్దకుండా పైన వేస్తే ఏనుగుకు జరిగినట్టే జరుగుతుంది. ఎటు చూసినా పాత రంగును కదిలించకపోవడమే మంచిది. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా పై మెట్టు మీద ఉంచండి.

పిల్లలు ఆడుకోవడానికే కావాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మ కొనండి. అంకుడు కర్రను తరిమెన (లేత్) మీద తిప్పుతూ లక్క అద్దుతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. అక్కడ మొక్కల నుంచి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

బరంపురం విద్యార్థిని:

నేను ప్లాస్టిక్ బొమ్మలు బాగుచేస్తాను. అక్కా, ఆ కాలు ఊడిన పాపను కూడా కొనవలసింది. గోనెపట్టా మీద ఉన్న దాని గురించి ఇక్కడ ఒక్కరూ అడగలేదు, నాకు బాధనిపించింది. చాలా బొమ్మలకు కాళ్లూ చేతులూ లోపల రబ్బరుతాడుతో, కొక్కేలతో కట్టి ఉంటాయి. తాడు సాగిపోతే ఊడుతాయి. కాలు కూడా ఆ కుప్పలోనే ఎక్కడో ఉండేది.

ఇంకు మరకలు ఉంటే మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీము మరక మీద మాత్రమే రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి ఎండలో పెడతాను. కొన్ని రోజుల్లో తేలిపోతుంది. చుట్టుపక్కల రాస్తే అక్కడా రంగు పోతుంది. అలాగే, వీపు మీద 1966 అని ఉన్న బార్బీని ఎవరైనా ఆ ఏడాదిదని చెప్పి ఎక్కువ ధర అడిగితే నమ్మవద్దు. అది ఆ మొండెం నమూనాకు సంబంధించిన తేదీ. దశాబ్దాల తరువాత చేసినవాటి మీద కూడా అదే అంకె ఉంటుంది.

ఇలాంటి బొమ్మలు అచ్చులో వేలకు వేలు వచ్చాయి. కళ్లు చెరిగిపోతే నేను మళ్లీ వేస్తాను, అందులో తప్పు లేదనుకుంటాను.

బరంపురం బొమ్మలాయన:

అందులో తప్పు లేదమ్మా, నేను చెప్పినది ఒక్కరి చేతి నుంచి ఒక్కసారే వచ్చినవాటి గురించి. నీ పద్ధతి నాకూ నచ్చింది.

పర్లాకిమిడి కోడలు:

అందరి మాటలూ మా అత్తగారికి చదివి వినిపించాను. సెల్యులాయిడ్ దగ్గర ఆగి, మా ఇంట్లో అలాంటిది లేదు కదా అని రెండుసార్లు అడిగారు. తరువాత బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి కనుబొమలు చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత "రంగు సంగతి అలా ఉంచు, కవ్వం లేకుండా పిల్ల ఏం చిలుకుతుంది?" అన్నారు. వెదురు పుల్ల తెచ్చి కత్తిపీట ముందు కూర్చున్నారు.

విరిగిన చోట పొడి రాలుతోంది, పీచు లేదు. అంటే మక్కే ఊడింది. మావారు బూరుగు కర్రతో చెయ్యి చెక్కారు. వేళ్లు సరిగా రాలేదు గాని పిడికిలి బాగుంది. ఆ చేతికి రంగు వేయాలా, కర్రగానే ఉంచాలా? ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించవచ్చా? ఇంకొక సంగతి. నిన్న బొమ్మను కాగితం మీద ఉంచితే ఈ రోజు పీఠం అడుగున పిండిలాంటి సన్నటి పొడి కనిపించింది. సూది మొనంత రంధ్రాలు మూడు ఉన్నాయి.

బరంపురం బొమ్మలాయన:

చెయ్యి తరువాత. ముందు పురుగు. పొడి తాజాగా రాలుతోందంటే లోపల పురుగు బతికి ఉంది, మిగతా కొలువు బొమ్మలకు కూడా పట్టవచ్చు. ఈ రోజే వేరుచేయండి. పల్చటి బట్టలో చుట్టి, గాలి పోయేలా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా అతికించి, ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. సున్నాకు దిగువన 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఇంటి ఫ్రిజ్ పై అర అంత చల్లబడకపోతే, డీప్ ఫ్రీజర్ ఉన్న తెలిసినవారిని అడగండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పవద్దు. విప్పితే బొమ్మ మీద నీరు పట్టి రంగు చెడుతుంది.

జిగురుకు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి చేసి, ఉడికించి వాడండి. తడి తగిలిస్తే మెత్తబడుతుంది కాబట్టి రేపు ఇంతకంటే మంచి చెయ్యి దొరికితే దీన్ని తేలిగ్గా విప్పవచ్చు. తెల్ల జిగురు గట్టిగా పట్టుకుంటుంది, విప్పబోతే పాత కర్ర చీలుతుంది. కొత్త చేతికి మీ అత్తగారినే రంగు వేయమనండి. అది ఆవిడ ఇంటి చెయ్యి.

గుణుపురం మాస్టారు:

రంగు వేయాలన్న నా మాట మార్చుకోలేదు గాని, చెయ్యి వరకు ఆవిడకు వదిలినందుకు సంతోషం. గాజులు వేయడం మరవవద్దని చెప్పండి.

పర్లాకిమిడి కోడలు:

మా వీధి చివర ఐస్‌క్రీం కొట్టు ఆయన డీప్ ఫ్రీజర్‌లో ఒక మూల చోటు ఇచ్చాడు. సంచి మీద మా అమ్మాయి తేదీ రాసింది. తిరిగి వస్తుంటే పాత సామాను ఆయన గోనెపట్టా పరిచి కనిపించాడు. ప్లాస్టిక్ పాప ఇంకా అక్కడే ఉంది. కుప్పంతా కదిపి చూస్తే తాళాల కింద కాలు దొరికింది.